మా ఊరి బడిలో వాతావరణం బాగలేదు

సర్కారు బడి మూతపడటం ఊరికి పట్టిన అదృష్టం! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, పూర్తి బాధ్యతతో అంటున్నాను. కొందరికి కోపం రావచ్చు. వచ్చినా చదవండి. చదువు విలువ తెలిసినవాళ్ళు మధ్యలో ఆపరు కదా!

ముందు నా అర్హతలు చెప్పాలి. పేరు భానుచందర్. ఊరు చింతమానుపల్లె. అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో పాకాలలో నాకు డ్రిప్పు పైపుల అంగడి ఉంది. ఇంట్లో భార్య జాహ్నవి, మూడో తరగతికి వచ్చిన కూతురు లోహిత. పైపులమ్మేవాడికి విద్య గురించి ఏం తెలుసు అంటారా? అయ్యా, నేను ప్రైవేటు స్కూలుకు ఫీజు కడుతున్న తండ్రిని. ఈ దేశంలో అంతకన్నా పెద్ద విద్యావేత్త ఇంకెవరుంటారు చెప్పండి!

మా లోహిత చదివేది పాకాలలోని గ్రేట్ గెలాక్సీ ఇ-టెక్నో కాన్సెప్ట్ ఒలింపియాడ్ స్కూల్లో. ఆ పేరు ఇంకొకసారి చదవండి. నోరు నిండిపోలేదూ? ఇప్పుడు మా ఊళ్ళో ఉన్న బడి పేరు చూడండి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇందులో టెక్నో ఉందా? కాన్సెప్ట్ ఉందా? ప్రాథమికమని వాళ్ళే గోడ మీద రాసుకున్నాక, మనం నమ్మి బిడ్డను ఎలా చేర్చగలం?

ప్రైవేటు బడి వల్ల కలిగే మేళ్ళు ఒకటా రెండా! వ్యానునే తీసుకోండి. పొద్దున ఏడు కొట్టకముందే వీధి మొదట్లో హారన్ మోగుతుంది. ఆ హారన్ వచ్చినప్పటి నుంచి మా ఊళ్ళో కోళ్ళు కూయడం మానుకున్నాయి. పన్నెండు మంది పట్టే బండిలో ముప్పై మంది పిల్లలు ఎక్కుతారు. ఒకరి ఒళ్ళో ఒకరు, ఒకరి బ్యాగు మీద ఇంకొకరు. సర్దుకుపోయే గుణం ఇంత చిన్న వయసులో ఏ పుస్తకం నేర్పుతుంది? రేపు తిరుమలలో సర్వదర్శనం క్యూలో నిలబడాల్సి వస్తే మా ఊరి పిల్లలకు అలసటే తెలియదు.

ఇక టై సంగతి. పాకాల జూన్ ఎండ మీకు తెలియంది కాదు. ఆ ఎండలో మెడకు టై, నడుముకు బెల్టు, కాళ్ళకు మేజోళ్ళు, నల్లబూట్లు. బిడ్డ ఇంటికి వచ్చేసరికి ఉడకబెట్టిన వేరుశనక్కాయలా ఉంటుంది. ఉండనివ్వండి! చదువు లోపల ఉంటుంది, ఎవరికీ కనబడదు. టై బయట ఉంటుంది, బంధువులందరికీ కనబడుతుంది. మరి దేని మీద శ్రద్ధ పెట్టాలి?

పోయిన ఏడాది సౌరకుటుంబం ప్రాజెక్టు ఇచ్చారు. థర్మోకోల్ కోసింది నేను. రంగులు వేసింది జాహ్నవి. శనిగ్రహం చుట్టూ వలయానికి మా అమ్మ పాత గాజు ఒకటి అడిగి తెచ్చాం. లోహితను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. చిన్నపిల్ల, ముట్టుకుంటే పాడు చేస్తుంది కదా! ఏ-ప్లస్ వచ్చింది. నా చదువు మొత్తంలో ఏ సారూ నాకు ఏ-ప్లస్ ఇవ్వలేదు. ముప్పై ఎనిమిదో ఏట గెలాక్సీవాళ్ళు ఇచ్చారు. ఆ రోజు మా ఇంట్లో సేమ్యా పాయసం చేసుకున్నాం.

గెలాక్సీలో ఆటస్థలం లేదని కొందరు వంక పెడతారు. లేకపోతేనే మంచిది కదండీ! పరిగెత్తితే కదా పడేది, పడితే కదా మోకాళ్ళు పగిలేది. మా పిల్లల మోకాళ్ళు చూడండి, నున్నగా ఉంటాయి. పైగా అక్కడ టీచర్లు తరచుగా మారిపోతుంటారు. జీవితంలో ఎవరూ శాశ్వతం కారన్న వేదాంతం రెండో తరగతిలోనే ఒంటపడుతుంది.

మరి మా ఊరి బడిలో ఏముంది? ఎకరం ఖాళీ స్థలం ఉంది. మధ్యాహ్నం అన్నం ఉంది. అన్నంలో గుడ్డు కూడా ఉంది. చదువుకునే చోట గుడ్డేమిటండీ అసహ్యంగా! పుస్తకాలు ఊరికే ఇస్తారు, బూట్లు ఊరికే ఇస్తారు. ఊరికే ఇచ్చేదానిలో నాణ్యత ఉండదని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. అమ్మ పాలు కూడా ఊరికే వస్తాయి కదా అని దయచేసి ఎదురు ప్రశ్న వేయకండి. నేను సీరియస్‌గా మాట్లాడుతున్నాను.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ బడికి జబ్బు లేకపోలేదు. చాలా ఏళ్ళు కృష్ణమూర్తి సారు ఒక్కడే ఐదు తరగతులకూ దిక్కు. ఆయన పొద్దున రాగానే హాజరు ఫొటో తీయాలి, తర్వాత గుడ్ల ఫొటో తీయాలి, తర్వాత మరుగుదొడ్డి ఫొటో తీయాలి. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాలి. ఇవన్నీ పైకి పంపించి కిందికి దిగేసరికి మధ్యాహ్నం గంట కొట్టే వేళయ్యేది. ఆయన మీటింగుకు పోయిన రోజు బడికి తాళం. ఇలా ఒక్కొక్క ఇల్లూ వ్యానెక్కింది. చివరికి తొమ్మిది మంది పిల్లలు మిగిలారు. ఆ తొమ్మిది మందీ ఊరి తూర్పున ఉన్న కాలనీ పిల్లలే.

అప్పుడే మా ఊళ్ళో ఒక కొత్త మాట పుట్టింది. ఎవరిని అడిగినా అదే మాట. మీ బిడ్డను బడి ఎందుకు మాన్పించారంటే, “ఆడ వాతావరణం బాగలేదప్పా” అంటారు. మా ఊరి పెద్ద గోవిందస్వామి అన్నాడు, మా ఆవిడ అంది, నేనూ అన్నాను. ఇదేదో గాలికీ వానకూ సంబంధించిన మాట అనుకునేరు! కాదు. బడి గది ఎత్తుగా ఉంటుంది, నాలుగు పక్కలా కిటికీలుంటాయి, గాలి ధారాళంగా వస్తుంది. గెలాక్సీలో అయితే కిటికీలకు రేకులు కొట్టేశారు. అయినా అక్కడ వాతావరణం బాగుంటుంది, ఇక్కడ బాగుండదు. అర్థమైనవాళ్ళకు అర్థమవుతుంది. కానివాళ్ళు మా వైపు కొన్నాళ్ళు కాపురం ఉండి చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గెలాక్సీలో ప్రసన్నకుమారి అనే టీచరు ఉండేది. ఆమె ఊరు మా ఊరే. బోర్లలో మోటార్లు దించే ఏబెల్ కూతురు. మా బోరులో మోటారు కాలిపోయినప్పుడల్లా పైపులు భుజాన వేసుకుని లాగేది ఆ ఏబెలే. అతని కూతురు మా ఊరి బడిలోనే చదివి, డిగ్రీ చేసి, టీచరు ట్రైనింగ్ చేసి గెలాక్సీలో చేరింది. పిల్లలు వెళ్ళే వ్యానులోనే ఆమె కూడా నిలబడి వెళ్ళేది.

మా లోహిత ఒకటో తరగతిలో పాఠమంతా గడగడా చెప్పేసేది. మేం మురిసిపోయేవాళ్ళం. ఒకరోజు ప్రసన్న మమ్మల్ని పిలిపించి పుస్తకం తెరిచి, బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టింది. లోహిత నోరు ఆగిపోయింది. బొమ్మ చూసి పాఠం గుర్తు తెచ్చుకోవడం తప్ప, బిడ్డకు అక్షరం ముక్క రాదు! “భయపడాల్సిన పని లేదు, ఆరు నెలలు నాకు వదిలేయండి” అంది ప్రసన్న. ఆరు నెలలు తిరగకముందే మా లోహిత నా బండి ముందు కూర్చుని బస్సుల బోర్డులు చదవడం మొదలుపెట్టింది. తిరుపతి, చిత్తూరు, కాట్పాడి. అంగళ్ళ పేర్లు, గోడల మీద రాతలు, చివరికి నా పైపుల మీద అంగుళాలు కూడా వదల్లేదు. ఆ రోజుల్లో నాకు కలిగిన సంతోషం గురించి వ్యంగ్యంగా రాయడం నా చేత కాదు, వదిలేస్తున్నాను.

గెలాక్సీ గేటు దగ్గర మేం ఆమెకు ఇచ్చిన గౌరవం చూడాల్సింది! జాహ్నవి రెండు చేతులూ జోడించి, “అంతా మీ చలవే మిస్” అనేది. నేనూ “మీరు”, “మిస్” తప్ప ఇంకో మాట ఎరగను. అదే సాయంత్రం ఆమె మా ఊళ్ళో వ్యాను దిగితే మాత్రం మిస్ కాదు. “ఏబెల్ కూతురు పోతా ఉండాది” అనుకునేవాళ్ళం. ఎనిమిది కిలోమీటర్లలో మనిషి ఇంతగా మారిపోవడం సైన్సుకు అందని వింత!

ఇంతలో డీఎస్సీ పరీక్షలో ఆమెకు సర్కారు ఉద్యోగం వచ్చింది. కౌన్సెలింగ్‌లో తిరుపతి దగ్గరి ఊళ్ళు ఖాళీ ఉన్నా వదిలేసి, ఎవరూ కోరుకోని మా ఊరి బడిని కోరి తీసుకుంది. తను చదివిన బడి అట. పోయిన అక్టోబరులో గెలాక్సీ వదిలి ఇక్కడ చేరింది.

అంతే, ఆమె చదువు చెడిపోయింది! ఆశ్చర్యంగా ఉందా? మనిషి అదే, నోరు అదే, ఆమె చెప్పే అ ఆ ఇ ఈ అవే. కానీ పాలు ఎండలో ఎనిమిది కిలోమీటర్లు ప్రయాణం చేస్తే విరగవా? ప్రైవేటులో పరీక్ష పాస్ కాకముందు బ్రహ్మాండంగా చెప్పిన టీచరు, వేలమందితో పోటీపడి పరీక్ష పాసయ్యాక ఎలా చెప్పగలదు? అందుకే ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా వ్యాను దిగలేదు.

గెలాక్సీలో ఆమె స్థానంలో వరసగా ముగ్గురు వచ్చారు, ముగ్గురూ పోయారు. మూడోవారి పేరు నేర్చుకునేలోపే వేసవి సెలవులొచ్చాయి. లోహిత బస్సుల బోర్డులు చదవడం మానేసింది. పుస్తకం ఇస్తే బొమ్మ వైపే చూస్తుంది. టై కొస నోట్లో పెట్టుకుని నములుతుంది. చదవమని గట్టిగా అంటే కడుపునొప్పి అంటుంది. నెల నెలా ఒక్కొక్క అక్షరం వెనక్కి పోతున్నట్టుంది. చూస్తుంటే మాకు భయం వేసింది.

ఒకరోజు అన్నం తింటూ తనే అడిగింది.

“ప్రసన్న మిస్ మన ఊర్లోనే ఉండాది కదా నాయనా. నేను ఆడికే పోతా.”

“ఆడ వాతావరణం బాగలేదు. గమ్మున తిను” అంది జాహ్నవి.

“వాన పడతాదా అమ్మా? గొడుగు ఎత్తుకుని పోతా.”

ఇంకొంచెం చారు పోశాం.

మే నెలాఖరులో, మా ఇంటి వెనక తోటలో తోతాపురి మామిడికాయలు కోస్తున్న రోజుల్లో, ప్రసన్న, కృష్ణమూర్తి సారు ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చారు. పిల్లల్ని బడిలో చేర్చమని అడగడానికి. సారు అరుగు ఎక్కి కూర్చున్నాడు. ప్రసన్న వాకిట్లో నిలబడింది. కూర్చోమని మేం అనలేదన్నది నిజమే కానీ, వద్దని కూడా అనలేదు, గమనించాలి. జాహ్నవి మజ్జిగ తెచ్చింది. సారుకు స్టీలు గ్లాసు, ప్రసన్నకు పేపరు కప్పు. గృహప్రవేశంలో మిగిలిపోయిన కప్పులు ఇంట్లో కట్టలు కట్టలు ఉన్నాయి, వాటినీ వాడాలి కదా! ప్రసన్న మజ్జిగ తాగి, కప్పును తనే మడిచి సంచిలో వేసుకుంది. పరిశుభ్రతలో ఆమెకు వంక పెట్టలేం.

“లోహిత ఎట్ల చదవతా ఉందన్నా?” అని అడిగింది.

నేను నిజం చెప్పేశాను. చెప్పి, చాలారోజులుగా మనసులో ఉన్న ఏర్పాటు కూడా బయటపెట్టాను. “సాయంత్రం పూట ఇంటికొచ్చి ట్యూషన్ చెప్తావా ప్రసన్నా? వెనక వరండాలో కూర్చోవచ్చు. నువ్వు ఎంత అడిగితే అంత ఇస్తా.”

గెలాక్సీ గేటు దగ్గర “మీరు” అన్న నోరే ఇది. ఇంటి వాకిట్లో “నువ్వు” అంది. వ్యాకరణం కూడా వాతావరణాన్ని బట్టి మారుతుందేమో!

“పగలంతా బడిలో ఊరికే చెప్తా ఉండా కదన్నా. ఆడికే పంపించండి. తొమ్మిది మంది పిలకాయలు ఉండారు. పది మంది ఉంటే బడి ఉంటాది, లేకపోతే వచ్చే నెలలో రైలుకట్ట అవతల బడిలో కలిపేస్తామని పైనుంచి చెప్పేసినారు. మీ పాప ఒక్కతి వస్తే సాలు.”

“ఇప్పుడు మేం ఇద్దరం ఉండాం, ఫొటోలు నేను తీసుకుంటా, పాఠం ఆయమ్మ చెప్తాది” అన్నాడు కృష్ణమూర్తి సారు, పాపం ఆశగా.

“అదంతా సరే సారూ. కానీ ఆడ వాతావరణం...” అన్నాను.

“ఏం వాతావరణమన్నా?” అంది ప్రసన్న.

ఆమె గట్టిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. పాఠకులారా, నేను అంగట్లో రోజుకు యాభై మందితో బేరమాడే మనిషిని. ఆ రోజు మాత్రం తోటలో కాయలు కోసే కూలీలను గట్టిగా పిలిచి, పని ఉన్నట్టు లేచిపోయాను. ఆమెకు తెలియదా? తెలుసు. నా నోటితో చెప్పించాలని చూసింది, అంతే. చెప్పకపోవడం నా సంస్కారం.

జూన్ పన్నెండున బడులు తెరిచారు. లోహిత ఏడుస్తూనే వ్యానెక్కింది. ఊరి బడి రిజిస్టరులో తొమ్మిది పేర్లే ఉన్నాయి. ఇంకో పది రోజులకు కబురు వచ్చింది. మా బడిని ఎత్తేస్తున్నారు. పిల్లలు రైలుకట్ట దాటి రెండున్నర కిలోమీటర్లు నడిచి పక్క ఊరి బడికి పోవాలి. ప్రసన్నకు బదిలీ.

చూడాలి అప్పుడు మా ఊరి ఆవేశం! ఊరంతా రచ్చ దగ్గర చేరింది. బడి లేని ఊరు ఒక ఊరేనా? ఓట్లు ఎక్కడ వేయాలి? పెళ్ళిళ్ళకు వంటపాత్రలు ఎక్కడ దించాలి? వేరుశనక్కాయలు ఎక్కడ ఆరబోయాలి? పదిహేనేళ్ళుగా ఓటుకు తప్ప ఆ బడి గడప తొక్కని గోవిందస్వామి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

“మా తాత రాళ్ళు మోసి కట్టించిన బడబ్బా అది! మూసేస్తే సూస్తా ఊరుకుంటామా?”

“ఊరుకునేది ల్యా!” అని అరిచాడు మునిచంద్ర. మునిచంద్ర ఎవరనుకున్నారు? గెలాక్సీ వ్యాను డ్రైవరు. ఊళ్ళో పిల్లలందరినీ రోజూ పొద్దున పాకాలకు తోలుకుపోయేది అతనే. అతని ఆవేశం మాత్రం కల్తీ లేనిది.

అర్జీ రాసే పని నాకు అప్పగించారు. అప్పుడప్పుడు ఇలా పత్రికల్లో రాసేవాణ్ని కదా! రాశాను. “మా బడి మా ప్రాణం. మా పిల్లల భవిష్యత్తును కాలరాయవద్దు. మా పసివాళ్ళు రైలుకట్ట దాటి వెళ్ళలేరు.” ఎన్ని “మా”లో! నేనే రెండుసార్లు పైకి చదువుకున్నాను. నలభై ఏడు సంతకాలు వచ్చాయి. మొదటి సంతకం నాది. నలభై ఏడో సంతకం ఏబెల్‌ది. అతను చేతిలోని పైపులు కింద పెట్టి, చొక్కాకు చెయ్యి తుడుచుకుని, తెలుగులో గుండ్రంగా పెట్టాడు.

“నా మనవడు బాలచంద్ర నాలుగు సదవతా ఉండాడు సామీ. కట్ట మీద రైలొచ్చేది ఆ మలుపులో కనపడదు. మీరందరూ వస్తా ఉండారు కాబట్టి పని అయితాదిలే” అన్నాడు. మా మీద అంత నమ్మకం!

నలుగురం పాకాలలో మండల విద్యాధికారి కార్యాలయానికి పోయాం. నేను, గోవిందస్వామి, మునిచంద్ర, ఏబెల్. సాయంత్రం నాలుగు దాటింది. గెలాక్సీ చిన్న తరగతులు వదిలే వేళ కాబట్టి లోహితను కూడా బండి మీద ఎక్కించుకున్నాను. టై, బెల్టు, భుజాన బ్యాగుతో నా పక్కనే నిలబడింది.

అధికారి పేరు ధనశేఖర్. మంచిమనిషి. అర్జీ మొత్తం చదివాడు. రెండు తూర్లు చదివాడు. కళ్ళజోడు తీసి మా వైపు చూశాడు.

“శానా బాగా రాసినారప్పా. ఫైలు ఇంగా నా దగ్గరే ఉండాది. రేపు పొద్దునకు పైకి పోవల్ల. తొమ్మిది మంది పిలకాయల పేర్లు ఆల్రెడీ ఉండాయి. ఒక్క పేరు సాలు. ఈ నలభై ఏడు సంతకాల్లో ఎవరో ఒకరు, సంతకం పక్కనే మీ బిడ్డ పేరు, తరగతి రాసియ్యండి. టీసీ గీసీ తర్వాత సూసుకుందాం. బడి నిలబెట్టే పూచీ నాది.”

ఇంత సులభమా! ఇంత సులభంగా పని అవుతుందని తెలిస్తే మేం వచ్చేవాళ్ళమే కాదు.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు. గోవిందస్వామికి ఫోను వచ్చింది. మోగలేదు, కానీ వచ్చింది, చెవికి పెట్టుకుని బయటకు నడిచాడు. “వ్యానుకు టైమయినాది, పిలకాయలు కాసుకోని ఉంటారు” అని మునిచంద్ర వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది నేను, ఏబెల్. ఏబెల్ మనవడి పేరు ఆ తొమ్మిదిలోనే ఉంది. అతను నా వైపు చూడలేదు. చూసి నన్ను ఇబ్బంది పెట్టకూడదనుకున్నాడు. నేల మీది గచ్చు వైపే చూస్తూ నిలబడ్డాడు.

నేను ఏదో చెప్పబోతున్నాను. ఇంటికి పోయి ఆలోచించి, నలుగురితో మాట్లాడి, అని మొదలుపెట్టాను కూడా. ఈలోపు లోహిత మునివేళ్ళ మీద లేచి బల్ల మీది పెన్ను తీసుకుంది. అర్జీ మీదికి వంగింది. మొదటి సంతకం ఎవరిదో వెతికి, అక్షరం అక్షరం కూడబలుక్కుని భా-ను-చం-ద-ర్ అని చదివింది. ఎనిమిది నెలల తర్వాత నా బిడ్డ ఒక మాటను చదవడం విన్నాను. దాని పక్కన తన పేరు రాసుకుంది. లోహిత, మూడో తరగతి.

ధనశేఖర్ గారి ముఖం వెలిగింది. “శభాష్!” అన్నాడు.

పాఠకులారా, ఒక తండ్రిగా నేను ఏం చేసి ఉంటానని మీరనుకుంటున్నారు?

“మైనరు రాత చెల్లదు సార్” అన్నాను. పక్కన గుమాస్తా బల్ల మీద వైట్‌నర్ సీసా కనబడింది. అడిగి తీసుకున్నాను. లో మీద పూశాను, హి మీద పూశాను, త మీద పూశాను. మూడో తరగతి అన్నదానికి ఇంకొంచెం ఎక్కువ పట్టింది. అది ఆరేదాకా నోటితో ఊదుతూ నిలబడ్డాను.

గెలాక్సీలో వైట్‌నర్ పూసేది తప్పు రాస్తేనే. లోహిత ఆ తెల్లటి మచ్చ వైపు చూసి, నా చొక్కా కొస పట్టుకుని లాగింది.

“స్పెల్లింగ్ తప్పినానా నాయనా?”

“లేదమ్మా. అన్నీ కరెక్టుగానే రాసినావు” అన్నాను. అర్జీ మడిచి, ప్రభుత్వం మా ఊరికి అన్యాయం చేస్తోందని ఇంకోసారి గట్టిగా చెప్పి, ఆయన చేతికిచ్చాను.